తమ్ముడి మరణానికి కారణం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది గాజువాక. మా తమ్ముడికి ప్రేడర్ విల్లీ సిండ్రోమ్ ఉండేది. ఎంత తిన్నా కడుపు నిండినట్టు తెలియని జన్యు జబ్బు అది. పదకొండో ఏట హైదరాబాద్‌లో జన్యు పరీక్ష చేయిస్తే బయటపడింది. వంటింటికి తాళం వేసుకుని బతికే ఇల్లు మాది. 2024 సంక్రాంతికి మాత్రం చుట్టాల రాకపోకలతో ఆ కాపలా సాగలేదు. కనుమ రాత్రి వాడి కడుపు ఉబ్బింది, రెండుసార్లు వాంతి అయింది. నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. తెల్లవారుజామున ఆయాసం మొదలైతే ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. మధ్యాహ్నానికి పోయాడు. 26 ఏళ్లు. ఆసుపత్రి వాళ్ల కాగితంలో 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని ఉంది. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఇచ్చిన డెత్ సర్టిఫికెట్‌లో అసలు కారణమే లేదు.

శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా మాలాంటి కుటుంబాలు ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. మా తమ్ముడితో కలిపి నలుగురు పోయారు. వాళ్లలో ఒక్కరు కూడా ఎందుకు పోయారో సరిగ్గా తెలీదు. గూగుల్ ఫారం పెట్టి మేమే వివరాలు సేకరిద్దాం అనుకుంటున్నాం. దాన్ని పరిశోధన అంటారా? ఎక్కడ మొదలుపెట్టాలి? అమ్మ "పోయినవాణ్ని మళ్లీ తవ్వొద్దు" అంటోంది. నాన్న ఆ ఊసెత్తితేనే లేచి వెళ్లిపోతారు. ఆ రోజు అరిసెల డబ్బా వాడి చేతికిచ్చింది ఆయనే. నాకు ఇద్దరు పిల్లలు. వాళ్లకి పరీక్ష చేయించాలా?

– ఒక అక్క, గాజువాక

సమాధానం:

అమ్మా,

ముందు మీ చేతిలో ఉన్న కాగితాల సంగతి చూద్దాం. కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అంటే గుండె, ఊపిరి ఆగిపోయాయని అర్థం. పోయిన ప్రతి మనిషికీ ఆగేవి ఆ రెండే. కాబట్టి ఆ కాగితం మీ తమ్ముడు పోయాడని చెబుతోందే తప్ప ఎందుకు పోయాడో చెప్పడం లేదు. ఇలా రాయకూడదని డాక్టర్లు నింపే ఫారంలోనే ఉంటుంది. ప్రాణం ఏ తీరున పోయిందో కాదు, ఏ జబ్బు వల్ల పోయిందో రాయాలని అందులో అచ్చువేసిన సూచన ఉంది. అయినా మన దగ్గర ఈ మాట రాసేసి సంతకం పెట్టడం అలవాటుగా మారింది. నాకు దీని మీద చాలా కాలంగా బాధ ఉంది. మెడికల్ విద్యార్థులకు మరణ కారణం రాయడం ఒక పూట పాఠంగా చెప్పి వదిలేస్తున్నాం. ఆ తర్వాత కుటుంబాలు మీలాగా ఏళ్ల తరబడి ఆ రెండు ముక్కల్నే పట్టుకుని కూర్చోవాల్సి వస్తోంది.

ఆ ఫారాన్ని ఫారం 4 అంటారు. ఆసుపత్రిలో జరిగిన మరణాలకు వాడేది అది. అందులో మొదటి భాగంలో మూడు వరుసలు ఉంటాయి. పై వరుసలో చివరి క్షణంలో ప్రాణం తీసినదేమిటో రాయాలి. దాని కింద అది దేనివల్ల వచ్చిందో, ఆ కింద అన్నిటికీ మూలం ఏమిటో రాయాలి. ప్రతి వరుస పక్కన ఆ సమస్య మొదలయ్యాక ఎంతసేపటికి మరణం సంభవించిందో వేయాలి. రెండో భాగంలో నేరుగా చంపకపోయినా చావుకు తోడైన జబ్బులు రాస్తారు. ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోయి న్యుమోనియా వచ్చి చనిపోయిన ప్రేడర్ విల్లీ రోగికి ఈ ఫారం సరిగ్గా నింపితే పై వరుసలో శ్వాస వైఫల్యం, కొన్ని గంటలు అని ఉంటుంది. రెండో వరుసలో ఆస్పిరేషన్ న్యుమోనియా, మూడు రోజులు అని, మూడో వరుసలో ప్రేడర్ విల్లీ సిండ్రోమ్, పుట్టుక నుంచి అని ఉంటుంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఊబకాయం రెండో భాగంలోకి వెళతాయి. చదివినవాడికి కథంతా తెలుస్తుంది. మీ గ్రూపులో పోయిన నలుగురి విషయంలో మీరు తయారు చేయాల్సింది ఈ వరుసే.

జీవీఎంసీ సర్టిఫికెట్‌లో కారణం లేకపోవడం మాత్రం ఎవరి నిర్లక్ష్యమూ కాదు. జనన మరణాల నమోదు చట్టం 1969లోని 17వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్‌లో కారణం నమోదై ఉన్నా బయటికి ఇచ్చే నకలులో దాన్ని వెల్లడించకూడదు. కాబట్టి ఆ కౌంటర్ దగ్గర ఎన్నిసార్లు నిలబడినా లాభం లేదు. మీకు దారి ఆసుపత్రి వైపు నుంచే ఉంది. అదే చట్టానికి 2023లో సవరణ చేశారు, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ఆసుపత్రి జబ్బు చరిత్రతో సహా మరణ కారణ ధ్రువపత్రాన్ని ఉచితంగా రిజిస్ట్రార్‌కి పంపాలి, ఒక ప్రతి దగ్గరి బంధువుకీ ఇవ్వాలి. మీ తమ్ముడు పోయింది 2024 జనవరిలో కాబట్టి ఈ హక్కు మీకు వర్తిస్తుంది. ఆ ప్రతి మీకు అందకపోతే రాతపూర్వకంగా అడగండి.

అంతకన్నా విలువైనది ఆసుపత్రి కేసు ఫైలు. ఇందులో తొందరపడాలి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డుల్ని చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్ల పాటే ఉంచాలి. ఆ తర్వాత ఫైలు ఉంటే అదృష్టం, లేకపోతే ఎవర్నీ అనలేం. రోగి గానీ రోగి తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని కూడా అదే నియమాల్లో ఉంది. మీ అమ్మగారో నాన్నగారో సంతకం పెట్టిన అర్జీ, డెత్ సర్టిఫికెట్, చుట్టరికం చూపే రేషన్ కార్డు లాంటి కాగితం, ఆసుపత్రి ఇచ్చిన ఇన్‌పేషెంట్ (ఐపీ) నంబర్ తీసుకుని మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్లండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చేతిలో పెడితే తీసుకుని వచ్చేయకండి. నర్సులు గంట గంటకీ రాసే చార్టు, క్యాజువాలిటీలో చేరేటప్పటి నోట్సు, ఎక్స్‌రే, స్కాన్, రక్త పరీక్షల రిపోర్టులు పేరు పేరునా అడగండి. ఎవరి మీదా కేసు పెట్టడానికి కాదని, జబ్బు గురించి తెలుసుకోవడానికని నిజమే చెప్పండి.

గ్రూపులో మిగతా ముగ్గురిలో ఎవరైనా ఇంట్లోనే పోయి, ఆసుపత్రికి ప్రాణం లేకుండా చేరి ఉంటే పోస్టుమార్టం జరిగి ఉండవచ్చు. ఆ నివేదిక కోసం సంబంధిత పోలీస్ స్టేషన్‌లో అడగాలి.

ఇప్పుడు మీ తమ్ముడి ఫైలులో ఏం వెతకాలో చెబుతాను. మీరు ఉత్తరంలో రాసిన ఒక్క వరుస నన్ను ఆపేసింది. కడుపు ఉబ్బింది, వాంతి అయింది, నొప్పి అనలేదు, తర్వాత ఆయాసం. ప్రేడర్ విల్లీ ఉన్నవాళ్లకు వాంతి సులభంగా రాదు. తిన్నది తేడా చేసినా కక్కుకోలేరు. నొప్పి తెలియడం కూడా చాలామందిలో తక్కువ. జ్వరం సైతం ఇన్ఫెక్షన్‌కు తగ్గట్టు పైకి కనిపించకపోవచ్చు. మామూలు మనిషిలో పెద్దగా పట్టించుకోని రెండు వాంతులు ఈ జబ్బులో ప్రమాద సూచనే. ఒక్కసారిగా ఎక్కువ తిన్నాక జీర్ణాశయం విపరీతంగా సాగిపోయి, గోడకు రక్తం అందక కుళ్లడం, చిల్లు పడటం ఈ జబ్బులో తెలిసిన మరణ కారణం. పండగ భోజనాల తర్వాత ఇలా జరిగిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఊబకాయం లేని సన్నటి వాళ్లలోనూ జరిగింది. ఉబ్బిన కడుపు ఊపిరితిత్తుల్ని కింద నుంచి ఒత్తేస్తుంది కాబట్టి ఆయాసం వస్తుంది. ఆ ఆయాసమే ముందు కనిపిస్తే డాక్టర్ల దృష్టి ఛాతీ మీదికి పోతుంది.

మీ తమ్ముడికి జరిగింది ఇదేనని నేను అనడం లేదు. వాంతి అయినప్పుడు కొంత ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండవచ్చు, ఈ జబ్బులో అదీ జరుగుతుంది. తేల్చాల్సింది ఫైలే. పొట్ట ఎక్స్‌రే గానీ సీటీ గానీ తీశారా, జీర్ణాశయం గురించి, లోపల గాలి చేరడం గురించి అందులో ఏం రాశారు, ముక్కులోంచి గొట్టం వేశారా, వేస్తే ఏం బయటికి వచ్చింది, క్యాజువాలిటీకి వచ్చేసరికి ఆక్సిజన్ శాతం ఎంత, రక్తంలో లాక్టేట్ (ఒంటికి రక్తం, ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగేది) ఎంత అన్నవి చూడండి. చేరేటప్పుడు వాడికి ప్రేడర్ విల్లీ ఉందని మీరు చెప్పారా, చెబితే నోట్సులో ఎక్కిందా అన్నది కూడా చూడండి. నేరం ఎవరిదో పట్టుకోవడానికి కాదు. రేపు మీ గ్రూపులో మరో బిడ్డ ఆసుపత్రికి వెళితే ఏ మాట ముందు చెప్పాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీరు తలపెట్టిన పని వేరే దేశాల్లో తల్లిదండ్రులే మొదలుపెట్టారు. అమెరికాలోని ప్రేడర్ విల్లీ సిండ్రోమ్ అసోసియేషన్ దాదాపు నలభై ఏళ్ల పాటు తమ సభ్య కుటుంబాల్లో జరిగిన మరణాల వివరాలు సేకరించి భద్రపరిచింది. వాటిని పరిశోధకులు 2017లో ప్రచురించారు. మొత్తం 486 మరణాలు. అందులో కారణం తెలిసినవి 312 మాత్రమే. అంటే అంత వ్యవస్థ ఉన్న చోట కూడా మూడింట ఒక వంతు కుటుంబాలకు మీలాగే జవాబు దొరకలేదు. తెలిసినవాటిలో శ్వాస వైఫల్యం 31 శాతం, గుండె సమస్యలు 16 శాతం, జీర్ణకోశ సమస్యలు 10 శాతం, ఇన్ఫెక్షన్లు 9 శాతం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు 7 శాతం, గొంతులో ముద్ద అడ్డుపడి పోయినవాళ్లు 6 శాతం. ఫ్రాన్స్‌లో 2004 నుంచి 2014 వరకు జరిగిన 104 మరణాల్ని పరిశీలిస్తే సగానికి పైగా శ్వాసకు సంబంధించినవే. ఫ్రాన్స్ వాళ్లు జబ్బును చూసే జాతీయ కేంద్రం రికార్డుల్ని, దేశపు మరణ కారణాల రిజిస్టర్‌ని రెండింటినీ పక్కపక్కన పెట్టి వెతికారు.

మన దగ్గర ఆ రెండో పని ఇప్పట్లో కుదరదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఆ కొద్దిలోనూ ఈ జబ్బును వేరుగా ఏరలేం. మరణ కారణాలకు వాడే అంతర్జాతీయ సంకేతాల పట్టిక పదో కూర్పులో ప్రేడర్ విల్లీకి సొంత సంకేతం లేదు. నూనన్, రస్సెల్ సిల్వర్, కార్నీలియా డి లాంగే లాంటి పొట్టితనంతో కూడిన జబ్బులన్నిటితో కలిపి దీన్ని క్యూ87.1 అన్న ఒకే గంపలో వేశారు. ప్రభుత్వ లెక్కల్లోంచి మీ పిల్లలు ఎప్పటికీ పైకి తేలరు. కుటుంబాలు చెప్పాలి, అంతే. అందుకే మీ ఆలోచన చిన్నదని అనుకోవద్దు.

ఇంట్లో జరిగిన మరణాల్ని కూడా అధ్యయనం చేసే పద్ధతి ఒకటి మన దేశంలోనే పెద్ద ఎత్తున వాడారు. వెర్బల్ అటాప్సీ అంటారు. 2001లో మొదలైన మిలియన్ డెత్ స్టడీలో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం వాళ్లు శిక్షణ ఇచ్చిన సిబ్బందిని ఇళ్లకు పంపారు. వాళ్లు డాక్టర్లు కారు. పోయిన మనిషి చివరి రోజులు ఎలా గడిచాయో ఇంట్లోవాళ్లు తమ భాషలో చెబితే రాసుకున్నారు. తర్వాత ఆ కథనాన్ని ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు సంబంధం లేకుండా చదివి కారణం నిర్ణయించారు. తేడా వస్తే మళ్లీ చూశారు. మీకు సరిపడే పద్ధతి ఇదే. గూగుల్ ఫారంలో 'మరణ కారణం' అని ఒక గడి పెడితే సగం మంది హార్ట్ ఎటాక్ అని రాస్తారు. ఉన్నట్టుండి పోయినవాళ్లందరినీ మనం అలాగే అంటాం. ఆ గడి వద్దు. దాని బదులు చివరి మూడు రోజులు చెప్పమనండి.

ఏం తిన్నారు, ఎంతసేపట్లో, ఎవరూ చూడనప్పుడు తిని ఉండే అవకాశం ఉందా? కడుపు ఎప్పుడు ఉబ్బింది? రోజూ పెట్టే గురక ఆ రాత్రి మారిందా? పెదాలు నల్లబడ్డాయా? ఒళ్లు వేడిగా ఉందా, చల్లబడిందా? మనిషి మత్తుగా పడుకున్నాడా? ఎప్పుడూ అన్నం వద్దనని పిల్లాడు వద్దన్నాడా? ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. ఈ జబ్బు ఉన్న బిడ్డ తిండి వద్దన్నాడంటే లోపల పెద్ద తేడా జరుగుతోందన్నమాట. తల్లులకు ఇది బాగా గుర్తుంటుంది, కానీ ఎవరూ అడగరు కాబట్టి ఏ ఫైలులోనూ ఉండదు. ఇవి కాక నిద్ర పరీక్ష ఎప్పుడైనా చేశారా, రాత్రి మాస్కు మిషన్ వాడేవాడా, గ్రోత్ హార్మోన్ ఇచ్చారా, వెన్ను వంకర ఉందా, చివరి ఏడాది బరువు పెరిగిందా తగ్గిందా, ఏ మందులు వాడేవాడు అన్నవి రాసుకోండి. ఫోనులో కన్నా ఎదురుగా కూర్చుని అడగడం మేలు. కర్మలు కూడా పూర్తికాని ఇంటికి వెళ్లకండి. ఏడాది దాటి మరీ ఆలస్యం చేస్తే గంటలు, రోజులు కలిసిపోతాయి.

ఇక మీరు అడగనిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. పోయిన నలుగురి వివరాలతో ఆగిపోవద్దు. గ్రూపులో బతికి ఉన్న పిల్లలందరి వివరాలూ అదే ఫారంలో రాయండి.

ఎందుకో ఒక నిజం చెబుతాను. ప్రేడర్ విల్లీ పిల్లలకు గ్రోత్ హార్మోన్ ఇవ్వడానికి అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. కొద్ది కాలానికే ఆ ఇంజక్షన్ తీసుకుంటున్న పిల్లలు కొందరు హఠాత్తుగా పోయారన్న కబుర్లు వచ్చాయి. 2003లో మందు కాగితం మీద హెచ్చరిక చేర్చారు. విపరీతమైన ఊబకాయం గానీ తీవ్రమైన శ్వాస ఇబ్బంది గానీ ఉన్నవాళ్లకు ఇవ్వొద్దని అందులో ఉంది. మందు మొదలుపెట్టే ముందు నిద్ర పరీక్ష చేయడం అలా స్థిరపడింది. ఆ మరణాల్ని ఎవరో ఒకచోట చేర్చడం వల్లే అది సాధ్యమైంది. అయితే మందు వాడని పిల్లల మరణాల్ని కూడా వాటితో పోల్చి చూస్తే వాళ్లూ అవే శ్వాస కారణాలతో పోతున్నారని తేలింది. మందు తీసుకున్నవాళ్లనే లెక్కపెట్టి ఉంటే, కండరాల బలాన్ని, ఒంటి తీరును మెరుగుపరిచే మందును భయంతో వదిలేసేవాళ్లు. మన దేశంలో 2021 అరుదైన వ్యాధుల విధానంలోనూ ప్రేడర్ విల్లీకి గ్రోత్ హార్మోన్ చికిత్సను చేర్చారు.

వయసు లెక్కలోనూ ఇదే గొడవ. ఆ అమెరికా నివేదికలో పోయినవాళ్ల సగటు వయసు 29.5 ఏళ్లు. గ్రూపులో ఎవరో ఇది చదివి, మన పిల్లలు ముప్పై దాటరని పెడతారు. ఆ రాత్రి ఇరవై ఇళ్లలో ఎవరికీ అన్నం సహించదు. ఆ సంఖ్యకు ఆ అర్థం లేదు. అది అప్పటికి పోయినవాళ్ల సగటు. అరవయ్యో ఏట బతికున్నవాళ్లు ఆ లెక్కలో లేరు. పాతికేళ్ల కింద మొదలైన ఒక పిల్లల గ్రూపులో మరణాల సగటు తీస్తే అది పాతికలోపే వస్తుంది, ఇంకా పెద్దవాళ్లు అందులో లేరు కాబట్టి. మీ నలుగురి వయసులకు సగటు తీయకండి. శాతాలూ వేయకండి. నలుగురిలో ఒకరంటే 25 శాతం అని రాసేస్తే అది అంకెల్లో చెప్పిన అబద్ధం అవుతుంది. నాలుగు మరణాల్ని నాలుగు పూర్తి కథలుగా రాస్తే మాత్రం దానికి వైద్యంలో నిజంగా విలువ ఉంది.

బతికున్నవాళ్ల పట్టిక వల్ల వెంటనే ఇంకో మేలు జరుగుతుంది. ఎంతమందికి నిద్ర పరీక్ష జరగలేదో, ఎంతమంది ఇళ్లలో డాక్టరుకు చూపించే చీటీ లేదో మీకు అప్పుడే కనిపిస్తుంది. పరిశోధన అచ్చయ్యే దాకా ఆగకుండా ఆ చీటీ రాయించండి. జబ్బు పేరు, వాంతి వచ్చినా కడుపు ఉబ్బినా నొప్పి లేదని వదిలేయకుండా పొట్ట స్కాన్ చేయాలని, జ్వరం లేకపోయినా ఇన్ఫెక్షన్ ఉండవచ్చని, మత్తు మందుల విషయంలో జాగ్రత్త అని ఒక పేజీలో ఇంగ్లిషులోనూ తెలుగులోనూ. మీ పిల్లల్ని చూసే ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) చేత సంతకం చేయించి, ఆధార్ కార్డు పెట్టుకున్న పర్సులోనే పెట్టుకోవాలి.

దీన్ని పరిశోధన అంటారా అని అడిగారు. ఒకరి అనుభవం ఒకరు చెప్పుకుని జాగ్రత్తపడటం వరకైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాన్నుంచి తేలినది పత్రికలో వేయాలన్నా, సమావేశంలో చెప్పాలన్నా అది పరిశోధనే. అప్పుడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు వర్తిస్తాయి, వివరాల సేకరణ మొదలుపెట్టక ముందే పరిశోధనలో మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అయిపోయాక వెనక్కి వెళ్లి తెచ్చుకునేది కాదు. విశాఖలో మీకు దీనికి చోటుంది. కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) అనుబంధంగా 1923 నుంచి నడుస్తున్న ఆంధ్ర మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ విభాగం ఉంది. రెండు చోట్లా మీ ఉత్తరం తీసుకెళ్లి, ఒక అధ్యాపకుణ్ని ప్రధాన పరిశోధకుడిగా ఉండమని అడగండి. పీజీ విద్యార్థులు థీసిస్‌కు విషయం వెతుక్కుంటూనే ఉంటారు. మీ గ్రూపు నుంచి ఒకరిద్దరు సహ పరిశోధకులుగా ఉంటామని మొదటి రోజే చెప్పండి, వివరాలు ఇచ్చేవాళ్లుగా మాత్రమే మిగిలిపోకండి. ఇండియన్ ప్రేడర్ విల్లీ సిండ్రోమ్ అసోసియేషన్‌నీ కలుపుకోండి. అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో మనకు దగ్గరిది హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ కలిసి నడిపేది. జన్యు రిపోర్టులు అర్థం కాని కుటుంబాలు ఉంటే అక్కడ అడగాలి.

గోప్యత విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. పేరు తీసేస్తే చాలనుకోకండి. పార్వతీపురం దగ్గర 19 ఏళ్ల అబ్బాయి, ఫలానా నెలలో పోయాడు అని రాస్తే ఆ ఊళ్లో అందరికీ ఎవరో తెలిసిపోతుంది. ఇంత అరుదైన జబ్బులో ఊరూ వయసూ కలిస్తే అదే పేరు. ఇంట్లో ఇంకో ఆడపిల్ల పెళ్లీడుకు వచ్చి ఉంటే ఆ సమాచారం ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. వివరాలు వాట్సాప్‌లో అడగొద్దు, ఫైళ్ల ఫొటోలు గ్రూపులో పెట్టనివ్వొద్దు. ప్రతి కుటుంబానికీ ఒక నంబర్ ఇచ్చి, నంబర్‌కీ పేరుకీ లంకె ఉన్న కాగితం ఒక్కరి దగ్గరే బీరువాలో పెట్టండి. మొదట ఒప్పుకున్నవాళ్లు తర్వాత వద్దంటే ఎందుకని అడక్కుండా తీసేయండి.

మీ పిల్లల సంగతి. తమ్ముడి పాత రిపోర్టు తీసి అందులో ఏ రకమని ఉందో చూడండి. తండ్రి వైపు నుంచి రావాల్సిన 15వ క్రోమోజోమ్ ముక్క పోవడం, లేదా రెండు 15వ క్రోమోజోములూ తల్లి నుంచే రావడం, ఎక్కువ మందిలో ఈ రెండిటిలో ఒకటి ఉంటుంది. ఇవి సాధారణంగా ఆ ఒక్క బిడ్డకే జరిగేవి. మీ పిల్లలకు దీని వల్ల వేరే ముప్పు లేదు, పరీక్ష అక్కర్లేదు. రిపోర్టులో ఇంప్రింటింగ్ సెంటర్ అని గానీ ట్రాన్స్‌లొకేషన్ అని గానీ ఉంటే, లేక రకమే తేల్చకుండా మిథైలేషన్ పరీక్షతో ఆపేసి ఉంటే, జెనెటిక్ కౌన్సెలర్‌కి ఒకసారి చూపించండి.

అమ్మానాన్నల దగ్గరికి వస్తాను. మీ నాన్నగారి మనసులో ఏముందో మీకు తెలుసు, నాకూ అర్థమైంది. ఆ డబ్బా వల్ల కాదని ఊరడింపు కోసం నేను రాయలేను. అలా రాస్తే రేపు ఫైలు చూశాక ఆయన మీ మాటా నమ్మరు, నా మాటా నమ్మరు. ఆయనకు చెప్పదగ్గ నిజం వేరే ఉంది. మెదడులో హైపోథాలమస్ అనే చోట కడుపు నిండిందన్న కబురు చేరకపోవడమే ఆ జబ్బు. ఆ బిడ్డ ఏళ్ల తరబడి ఆకలితో ఉన్నాడు, ఏళ్ల తరబడి ఆ ఇంట్లో వాడి ప్రాణం కోసం తాళం కాశారు. ఈ జబ్బు ఉన్న పిల్లలున్న ఏ ఇంట్లోనూ ఏ తాళమూ అన్ని రోజులూ నిలవలేదు. కడుపు ఉబ్బి వాంతి అయితే అది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన సంగతని ఆ ఇంటికి ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పాల్సింది మేము, వైద్యులం. ఈ మాట ఆయనకు చదివి వినిపించండి. ఆయన లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. చాలా నెలలైనా ఇలాగే ఉండి, నిద్ర, తిండి తగ్గి ఉంటే మాత్రం ఒక మంచి సైకియాట్రిస్టుకి చూపించడం వాయిదా వేయకండి.

అమ్మగారు తవ్వొద్దంటే ఆమెను ఫారం ముందు కూర్చోబెట్టకండి. మీ తమ్ముడి వివరాలు మీకు తెలిసినంత వరకు మీరే రాయొచ్చు. ఆమె సంతకం కావాల్సింది రికార్డుల అర్జీ మీదే, అదీ నాన్నగారు పెట్టకపోతే. ఒకటి మాత్రం గమనించాను. తవ్వొద్దన్న తల్లులు చాలామంది, "చివరి రోజు ఏమైందమ్మా" అని ఎవరైనా సూటిగా, తీరిగ్గా అడిగితే గంటల తరబడి చెబుతారు. వాళ్లకు భయం తవ్వడం గురించి కాదు, చివరికి తప్పు తమదని తేలుతుందేమోనని. మీరు కాకుండా గ్రూపులో ఇంకో తల్లి వచ్చి అడిగితే ఆమెకు సులువు కావచ్చు. మీరు వాళ్లింటికి వెళ్లి వాళ్ల బిడ్డ గురించి అడగండి. సొంత ఇంట్లోవాళ్లని ఎవరూ ఇంటర్వ్యూ చేయొద్దన్న నియమం గ్రూపు మొత్తానికీ పెట్టుకోండి.

రికార్డుల అర్జీ ఈ వారమే ఇచ్చేయండి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోండి. ప్రశ్నల ఫారం ముసాయిదా రాశాక నాకు పంపండి, ఎథిక్స్ కమిటీకి పెట్టేముందు చూసి ఇస్తాను. అందులో తేదీకి ఒక గడి, గంటకు ఇంకో గడి విడిగా పెట్టండి.